పాత కిట్, నాన్న బండి, 22 వేలు

ఈ ఆదివారం సహకార సమాఖ్య మీద వ్యాసం పెడతానని పోయిన వారం మాటిచ్చాను. అది సగంలోనే ఉంది. పది రోజులుగా నా బుర్ర వేరే విషయం చుట్టూ తిరిగింది. అదేంటో చెబితే ముందు నవ్వుతారు. పెట్రోలు బైకుని కరెంటు బైకుగా మార్చే పాత కిట్ ఒకటి కొనాలా వద్దా అని. సెకండ్ హ్యాండ్. ధర 22 వేలు.

నవ్వుకున్నాక కాస్త ఆగి చదవండి. ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్-3లో 250 పదాల జవాబు నేను కనీసం నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ మంచి మార్కులే వచ్చాయి. అదే విషయం చేతిలో సొంత డబ్బు పట్టుకుని ఆలోచించాల్సి వచ్చేసరికి, ఆ జవాబుల్లో ఒక్క లైను కూడా నాకు సాయపడలేదు. ఎందుకు సాయపడలేదో రాస్తే మీకూ పనికొస్తుందనిపించింది.

సంగతి ఎలా మొదలైంది

కటవారియా సరాయ్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దక్షిణ ఢిల్లీలో ఐఐటీకీ కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాకీ మధ్య ఇరుక్కున్న పాత ఊరు ఇది. ఒకవైపు సంజయ్ వన్ అడవి, ఇంకోవైపు బేర్ సరాయ్, దాని అవతల జేఎన్‌యూ. ఇంజినీరింగ్ సర్వీసెస్ వాళ్లు, గేట్ వాళ్లు, మనలాంటి సివిల్స్ వాళ్లు అందరూ ఒకే మెట్లెక్కి దిగుతుంటారు. మా బిల్డింగ్‌కి ఐదంతస్తులు, మెట్లదారి ఒక్కటే. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరిగి గోడకి ఆనుకోవాలి. ఈ మెట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మూడో అంతస్తులో ఒక అన్న ఉండేవాడు. హనుమకొండ. ఆరు అటెంప్టులూ అయిపోయాయి, రెండుసార్లు మెయిన్స్ రాశాడు, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు. సంక్రాంతి అయిన వారానికి మెస్‌లో నా ఎదురుగా కూర్చుని, "తమ్మీ, నేను పోతున్న. నా బండి కిట్ ఉంది కదా, తీస్కో. బయటోళ్లకైతే ముప్పై, నీకైతే ఇరవై రెండు" అన్నాడు.

ఆ కిట్ కథ మాకందరికీ తెలుసు. 2021 చివర్లో, పదేళ్లు దాటిన డీజిల్ బళ్లని ఎలక్ట్రిక్‌గా మార్చుకునే వీలు కల్పిస్తామని ఢిల్లీ ప్రభుత్వం చెప్పిన రోజుల్లో, ఇక్కడ అందరి నోటా రెట్రోఫిట్ అన్న మాటే. అన్న ఆ ఊపులో ఒక కిట్ కొని తన పాత బైకుకి పెట్టించుకున్నాడు. వెనక చక్రంలో కూర్చునే హబ్ మోటారు, కంట్రోలర్, 72 వోల్టుల లిథియం బ్యాటరీ, ఛార్జరు, వైర్లు. నాలుగేళ్లు వాడాడు. ఇప్పుడు బైకు విడిగా అమ్మేశాడు, కిట్ మిగిలింది.

నాకెందుకు ఆశ పుట్టిందో చెప్పాలి. ఊళ్లో మా నాన్నకి 2008లో కొన్న హీరో హోండా ఉంది. అద్దంకి నుంచి ఒంగోలు దాకా నన్ను ఇంటర్ హాస్టల్‌కి దింపింది ఆ బండి మీదే. పెట్టె ముందు ట్యాంకు మీద, నేను వెనక, నా ఒళ్లో పరుపు చుట్ట. దసరాకి ఫోన్లో నాన్న ఒక మాటన్నాడు: "ఇంక దీన్ని పాత ఇనుముకి వెయ్యాల్రా." ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అన్న కిట్ గురించి చెప్పగానే ఆ రెండూ కలిసిపోయాయి. బండిని రైల్లో తెప్పిస్తాను, కిట్ పెట్టిస్తాను, టెస్టులకి నాన్న బండి మీద వెళ్తాను. ఆ రాత్రి పాలిటీ రివిజన్ చేయాల్సినవాణ్ణి, మూడు గంటలపాటు హబ్ మోటార్ల వీడియోలు చూశాను.

మొదటి లెక్క: డబ్బు

నా దగ్గర పొదుపు 31 వేలు. ఒక ఆన్‌లైన్ సంస్థకి ఆన్సర్ షీట్లు దిద్ది, ఎనిమిది నెలల్లో కూడబెట్టింది. మెయిన్స్ టెస్ట్ సిరీస్ కోసమని దాచింది.

నేను నాకు చెప్పుకున్న కారణం ప్రయాణ ఖర్చు. శని, ఆదివారాలు టెస్టు కోసం ఓల్డ్ రాజేంద్ర నగర్ వెళ్తాను. ఇక్కణ్నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. ఐఐటీ స్టేషన్ దాకా నడక, అక్కడ మెజెంటా లైను, హౌజ్ ఖాస్‌లో ఎల్లో, రాజీవ్ చౌక్‌లో బ్లూ, కరోల్ బాగ్‌లో దిగడం. రానుపోను 90 రూపాయల లోపే. నెలకి ఎనిమిదిసార్లు అనుకుంటే 720.

ఇటువైపు రాయండి. కిట్ 22 వేలు. ఒంగోలు నుంచి బండి పార్సిలు, ప్యాకింగు, ఇక్కడ దించుకోవడం కలిపి ఆరు వేలు. బిగించడానికి మెకానిక్ అడిగింది నాలుగు వేలు. మొత్తం 32 వేలు. ఛార్జింగ్‌కయ్యే కరెంటు సున్నా అనుకున్నా, 32 వేలని 720తో భాగిస్తే 44 నెలలు పైనే. అంటే మూడేళ్ల ఎనిమిది నెలలు. నాకు మిగిలినవి రెండు అటెంప్టులు.

ఈ భాగహారం చేయడానికి ఒక నిమిషం పట్టింది. చేయడానికి మనసు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను కిట్ మంచిచెడ్డల మీద చదివాను తప్ప ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద పెట్టలేదు. మీరు కూడా ఏదైనా కొనడం గురించి విపరీతంగా చదువుతూ ఒక్క కూడిక మాత్రం వాయిదా వేస్తున్నారంటే, కూడికలో ఏం తేలుతుందో మీకు ముందే తెలుసని అర్థం.

రెండో లెక్క: చట్టం

డబ్బు లెక్క ఓడిపోయాక నేను చట్టాన్ని సాయం పిలిచాను. ఢిల్లీలో పాత బండికి కిట్ తప్ప దారి లేదు కదా అని.

నేపథ్యం ఇది. 15 ఏళ్లు దాటిన బళ్లు ఢిల్లీ రోడ్లమీద తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరు 26న చెప్పింది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద 2015 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు వాటి అమలుకే మొగ్గింది. 2025 జూలై 1 నుంచి ఇలాంటి బళ్లకి బంకుల్లో పెట్రోలు, డీజిల్ పోయొద్దన్న ఆదేశం వచ్చి, కొద్ది రోజులకే వాయిదా పడింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణని బీఎస్-4, ఆ పై ప్రమాణాల బళ్లకే పరిమితం చేసింది. నాన్న బండి 2008 నాటిది. ద్విచక్ర వాహనాలన్నిటికీ బీఎస్-4 తప్పనిసరి అయింది 2017లో. కాబట్టి ఆ రక్షణ దానికి లేదు. ఆంధ్ర నంబరు ప్లేటు ఉంటే తప్పించుకుంటుందా అంటే, నిషేధం ఈ రోడ్ల మీద తిరగడానికి. ఏ ఊరి రిజిస్ట్రేషన్ అన్నది కాదు.

మరి ఎలక్ట్రిక్‌గా మారిస్తే? మార్చవచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. కిట్‌కి ఏఐఎస్-123 ప్రమాణం కింద ఆమోదం ఉండాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మన పక్కనే మానేసర్‌లో ఉన్న ఐక్యాట్ లాంటి సంస్థలు చేసే పరీక్షలవి. పైగా ఆ ఆమోదం ఏ బండికైనా బిగించుకోమని ఇచ్చే పాస్ కాదు. ఏ రకం బళ్లకి సరిపోతుందో అందులోనే ఉంటుంది. బిగించేది కూడా అధీకృత కేంద్రమే కావాలి. అనుమతి లేకుండా మార్చిన యజమానికి సెక్షన్ 182-ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అన్నని కాగితాలు అడిగాను. కొన్నప్పటి బిల్లు ఉంది. ఆమోద పత్రం లేదు. ఆర్‌సీలో ఎక్కించలేదు. "నాలుగేళ్లల్ల ఎవ్వరూ ఆపలే తమ్మీ" అన్నాడు. అది నిజమే. కానీ ఎవరూ ఆపకపోవడానికీ అనుమతి ఉండటానికీ తేడా ఉంది. ప్రమాదం జరిగిన రోజున, ఇన్సూరెన్సు వాళ్లు ఫైలు తెరిచిన రోజున ఆ తేడా తెలుస్తుంది. రేపు ఎథిక్స్ పేపర్లో చట్టబద్ధ పాలన గురించి రాసి, బయటికొచ్చి ఆ బండెక్కడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. మరీ పెద్ద పాపమని కాదు, సిగ్గుగా అనిపించింది.

మన రాష్ట్రాల ఉదాహరణ కావాలంటే: తెలంగాణ 2020లో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహన విధానంలో ఆటోల రెట్రోఫిట్‌కి ప్రత్యేకంగా ప్రోత్సాహకం పెట్టింది. హైదరాబాద్‌లో కొన్ని స్టార్టప్‌లు ఆటోలకి కిట్లు తయారుచేశాయి. రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే ఆటోకి పెట్రోలు ఖర్చు తగ్గితే కిట్ డబ్బు త్వరగా తిరిగొస్తుంది. వారానికి రెండుసార్లు కదిలే నా బండికి రాదు. రెట్రోఫిట్ మంచిదా కాదా అని అడిగితే జవాబు రాదు. బండి రోజుకి ఎంత తిరుగుతుందో అడగాలి. మెయిన్స్ జవాబులో ఈ ఒక్క వాక్యం రాయండి, మిగతా వందమంది రాసే దానికి భిన్నంగా ఉంటుంది.

మూడో లెక్క: బ్యాటరీ

నా రూమ్మేట్ మెకానికల్, ఇంజినీరింగ్ సర్వీసెస్‌కి చదువుతున్నాడు. కర్నూలు. వాడికి సెంటిమెంట్లు పట్టవు. "బ్యాటరీ చూడకుండా కిట్ ధర మాట్లాడటం ఇంజను చూడకుండా లారీ బేరమాడటంరా" అన్నాడు. మోటారు పాతదైనా పనిచేస్తుంది, బేరింగులు మార్చుకోవచ్చు. బ్యాటరీ అలా కాదు. వాడినా అరుగుతుంది, వాడకుండా మూల పడేసినా అరుగుతుంది.

బ్యాటరీ మీద 72 వోల్టులు, 30 యాంపియర్ అవర్లు అని ఉంది. గుణిస్తే 2160 వాట్ అవర్లు, అంటే రెండు యూనిట్లు పైన. అన్న దాన్ని పూర్తిగా ఆగిపోయేదాకా వాడి ఉంచాడు. మేం టెర్రస్ మీదకి మోసుకెళ్లి, ప్లగ్గుకీ ఛార్జరుకీ మధ్య యూనిట్లు కొలిచే చిన్న మీటరు పెట్టి ఛార్జ్ చేశాం. నిండేసరికి మీటరు చూపించింది ఒకటిన్నర యూనిట్లు. ఛార్జరులో వేడిగా పోయేది తీసేస్తే బ్యాటరీలోకి వెళ్లింది 1.3. అంటే కొత్తప్పటి సామర్థ్యంలో అరవై శాతం. ఇలాంటి బండికి కిలోమీటరుకి 30 వాట్ అవర్లు అనుకుంటే 43 కిలోమీటర్లు. నాకు రానుపోను 30. చలికాలం ఇంకా తగ్గుతుంది. ధౌలా కువా దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోతే, టెస్టు రోజున బండి తోసుకుంటూ నడవాలి.

అంతకన్నా పెద్ద విషయం చివరి అరగంటలో తెలిసింది. బ్యాటరీ పెట్టె ఒక మూల మాత్రం వేడెక్కింది. మిగతా మూడు మూలలూ చల్లగా ఉన్నాయి. రూమ్మేట్ చెయ్యి పెట్టి చూసి వెంటనే ప్లగ్గు పీకేశాడు. లోపల కొన్ని సెల్స్ మిగతావాటితో సమానంగా లేవన్నాడు. పెట్టెని ఆ రాత్రి లోపలికి తేనివ్వలేదు.

ఇక్కడ మీకు కొన్ని సంఘటనలు గుర్తుచేస్తాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక భవనం. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన హోటలు. మంటలు కింద మొదలయ్యాయి, పొగ మెట్లమీదుగా పైకి వెళ్లింది. 8 మంది చనిపోయారు. ఆ ఏడాది వరుస ప్రమాదాల తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని గట్టిచేసింది. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి. ఒక సెల్‌లో మంట పుడితే అది పక్క సెల్స్‌కి పాకడం మీద పరీక్ష ఆ రెండో దశలో వచ్చిందే. అన్న బ్యాటరీ 2021ది. ఆ పరీక్షలు రాకముందే తయారైంది.

ఇప్పుడు మా మెట్లు గుర్తుచేసుకోండి. ఐదంతస్తులకి ఒక్క దారి. 2023 జూన్‌లో ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లో మంటలు వస్తే పిల్లలు కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని దిగారు. 2024 జూలై 27న రాజేంద్ర నగర్ బేస్‌మెంటు లైబ్రరీలోకి నీళ్లొచ్చి మన తోటి విద్యార్థులు ముగ్గురు పోయారు. రెండుసార్లూ మనం కొవ్వొత్తులు పట్టుకుని, నిబంధనలు పాటించని యజమానుల గురించి మాట్లాడాం. ఇప్పుడు ఆ పెట్టెని రాత్రిపూట మెట్ల కింద ఛార్జింగ్ పెడితే, పైన పడుకున్న నలభైమంది విషయంలో ఆ యజమానిని నేనే. ఆదా అయ్యే 720 నాది, ప్రమాదం వాళ్లది. బాహ్య వ్యయం అన్న మాటని ఎకానమీ నోట్సులో ఎన్నిసార్లో రాసుకున్నాను. ఆ రాత్రి టెర్రస్ మీద దాని అర్థం తెలిసింది.

మంచు దేశపు కిట్

మధ్యలో ఒక పిట్టకథ. ఆ రాత్రి టెర్రస్ మీద బ్యాటరీ చల్లారేదాకా కాపలా కూర్చుని, రూమ్మేట్ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో మంచు కొండలున్న చోట మోటార్ సైకిలు ముందు చక్రం తీసేసి స్కీ, వెనక చక్రం తీసేసి ట్యాంకుకి ఉన్నట్టు తిరిగే ట్రాక్ బిగిస్తారు. అప్పుడది మంచుమీద నడుస్తుంది. ఐడహో రాష్ట్రంలోని శాండ్‌పాయింట్‌లో పుట్టిన టింబర్‌స్లెడ్ అనే కంపెనీ ఈ కిట్లకి పేరు తెచ్చింది. 2015లో దాన్ని పొలారిస్ కొనుక్కుంది.

అక్కడా సెకండ్ హ్యాండ్ కిట్లు అమ్ముతారట. కొనేవాడు ట్రాక్ పళ్లు అరిగాయా, బేరింగులు ఆడుతున్నాయా, చట్రం వంగిందా చూడాలి. వాటన్నిటికన్నా ముందు చూడాల్సింది బిగించే భాగాలు. ఒక్కో మోడల్ బండికి ఒక్కో రకం భాగాలు కావాలి. కిట్ చవగ్గా దొరికి, నీ బండికి సరిపోయే భాగాలు దొరక్కపోతే అది ఇనుము మాత్రమే. ఇంకొకటి, మంచు లేని ఊళ్లో ఉన్నవాడికి ఎంత మంచి కిట్ అయినా దండగే.

రూమ్మేట్ ఊరికే చూపించాడు. నాకు మాత్రం మంచు లేని ఊళ్లో ఉన్నవాణ్ణి నేనే అనిపించింది.

అసలు లెక్క

మూడు లెక్కలూ వద్దన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. అప్పుడు, పది రోజుల్లో మొదటిసారి, బండి యజమానికి ఫోన్ చేశాను.

మా నాన్న సంభాషణ ఇంతే.

"నాన్నా, బండి ఇక్కడికి తెప్పించుకుందామనుకుంటున్నా."

"ఏ బండి?"

"మన బండే. నువ్వు పాత ఇనుముకి వేస్తానన్నావుగా."

"ఆ రోజు చైను తెగిందిరా, కోపంలో అన్నా. తర్వాత చైను, స్ప్రాకెట్టు మార్పించా. ఆర్‌సీ కూడా మొన్న ఐదేళ్లకి రెన్యువల్ చేయించా గదా, 2028 దాకా ఉంది. శనగ చేలోకి రోజూ దాని మీదే పోతున్నా. మీ అమ్మని బీపీ చెకప్‌కి దేని మీద తీసుకుపోనూ?"

నేనేం మాట్లాడలేదు. నాన్నే మళ్లీ అన్నాడు: "నీకు అక్కడ తిరగడానికి ఇబ్బందిగా ఉందా? డబ్బులు పంపనా?"

చూశారా? ఢిల్లీలో చచ్చిపోయిన బండి, అద్దంకిలో రోజూ పొలానికి పోతోంది. నేను రక్షించాలనుకున్న బండికి నా రక్షణ అవసరమే లేదు. పైగా నేను దాన్ని తెప్పించుకుంటే మా అమ్మ ఆటో కోసం ఎదురుచూడాలి. ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసే విషయం ఇది. కేస్ స్టడీలో మొదటి లైనుగా స్టేక్‌హోల్డర్ల జాబితా రాస్తాం కదా, నా జాబితాలో బండి యజమాని పేరే లేదు.

నాకు కావాల్సింది బండి కాదని అప్పుడు అర్థమైంది. ఈ చలిలో, ఈ ఇరుకులో, ఇంటిదేదో ఒకటి నా దగ్గర ఉండాలన్న కోరిక అది. ఆ కోరిక తప్పు కాదు. దాన్ని ప్రయాణ ఖర్చు అని పిలవడం తప్పు.

ఏం చేశాను

అన్నకి వద్దని చెప్పాను. ఎలా చెప్పానో కూడా రాస్తాను, ఎందుకంటే అక్కడ నేను సరిగ్గా ప్రవర్తించలేదు.

మెస్‌లో కూర్చుని సెక్షన్ 52 చెప్పాను, ఏఐఎస్-156 చెప్పాను, 44 నెలల భాగహారం చెప్పాను. మెయిన్స్ జవాబులా వరసగా. అన్న పళ్లెంలో వేలు కదుపుతూ విన్నాడు. చివర్న, "గంత చదివినవా తమ్మీ దీని మీద" అని లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రూమ్మేట్ ద్వారా తెలిసింది, అన్న రెండు నెలల గది అద్దె బాకీ ఉన్నాడని, కిట్ అమ్మితే అది కట్టి ఊరెళ్లాలనుకున్నాడని. అన్న నన్నడిగింది కిట్ కొనమని కాదు. మర్యాద పోకుండా సాయం చేయమని. ఆరేళ్లు ఇక్కడ గడిపినవాడు తమ్ముడి ముందు చెయ్యి చాపలేక, చేతిలో ఉన్న వస్తువు చాపాడు. నేను వస్తువుని పరీక్షించి నివేదిక ఇచ్చాను.

మూడో రోజు రాత్రి గదికి వెళ్లి, "అన్నా, కిట్ సంగతి వదిలెయ్. ఎనిమిది వేలు నా దగ్గరున్నాయి, నీకెప్పుడు వీలైతే అప్పుడివ్వు" అన్నాను. చాలాసేపు వద్దన్నాడు. తర్వాత తీసుకున్నాడు. రూమ్మేట్ మోటారు, కంట్రోలర్ విడదీసి, ప్రాజెక్టు చేసుకునే ఇంజినీరింగ్ పిల్లలకి ఏడు వేలకి ఇప్పించాడు. బ్యాటరీ ఎవరికీ అమ్మలేదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లింగ్‌కి ఇచ్చే కేంద్రం వెతికి అప్పగించాం. దానికి పైసా రాలేదు.

అన్న తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కే రోజు న్యూఢిల్లీ స్టేషన్‌కి వెళ్లాం. తన ఆన్సర్ రైటింగ్ పుస్తకాలు తొమ్మిది నాకిచ్చాడు. "గివి అమ్ముతలే, ఊకెనే ఇస్తున్న. పాతయే, చూస్కో మరి" అని నవ్వాడు. రైలు కదిలాక గుర్తొచ్చింది, కాజీపేటలో దిగాక ఇంటికెలా వెళ్తాడో అడగలేదని.

మీకోసం నాలుగు మాటలు

ఒకటి. ఏదైనా పాతది కొనేముందు, అది సీనియర్ నోట్సు కావచ్చు, టెస్ట్ సిరీస్ కావచ్చు, మూడు ప్రశ్నలు కాగితం మీద రాయండి. ఇది నా బండికి సరిపోయేదేనా? ఇందులో అరిగిపోయే భాగం ఏది, ఎంత అరిగింది? దీన్ని వాడే చోటు నాకుందా? 2019 టాపర్ నోట్సు మీద ఈ మూడూ వేసి చూడండి.

రెండు. ఒక ధరలో ఎన్ని లెక్కలు కలిశాయో విడదీయండి. నా 22 వేలలో మూడున్నాయి: ప్రయాణం, ఇంటి మీద బెంగ, అన్నకి సాయం. ప్రయాణానికి మెట్రో కార్డు చాలు. బెంగకి ఫోన్ ఉంది, ఇప్పుడు రోజు విడిచి రోజు చేస్తున్నాను. సాయానికి ఎనిమిది వేలు. మూడూ కలిపి 22 కన్నా తక్కువే అయ్యాయి, నలభైమంది నిద్రకి ప్రమాదం లేకుండా.

మూడు. నిర్ణయం సరైనదైనా, చెప్పే పద్ధతి తప్పు కావచ్చు. ఎథిక్స్ పేపర్లో కరుణ, సమానుభూతి అని రాస్తాం. ముందు ఎదుటివాడు ఏం అడుగుతున్నాడో వినాలి. ఈ విషయంలో నాకు నేను వేసుకునే మార్కులు తక్కువే.

నాలుగు. అభ్యాసానికి రెండు ప్రశ్నలు. కామెంట్లలో రాయండి, నేనే దిద్దుతాను.

ప్రశ్న 1: పాత వాహనాలను తుక్కు చేయడం, ఎలక్ట్రిక్‌గా మార్చడం: పర్యావరణం, భద్రత, పేద యజమాని జీవనోపాధి, ఈ మూడు కోణాల నుంచి పోల్చండి. (250 పదాలు)

ప్రశ్న 2: అప్పుల్లో ఉన్న మీ స్నేహితుడు భద్రత లేని పాత వస్తువుని మీకు అమ్మజూపాడు. మీరు కొనకపోతే దాన్ని మరొకరికి అమ్ముతాడు. మీ ముందున్న దారులేమిటి? ఏది ఎంచుకుంటారు, ఎందుకు? (250 పదాలు)

రెండో ప్రశ్నలో నేను దాదాపు మరిచిపోయిన చిక్కు ఒకటుంది. నేను వద్దనుకుంటే బ్యాటరీ ఇంకో బిల్డింగ్ మెట్ల కిందకి పోయేది. వద్దు అనడంతో మన పని అయిపోదు. మీ జవాబులో దాని సంగతి చూడండి.

ఎనిమిది వేలు ఇంకా రాలేదు. నేనూ అడగలేదు. మొన్న అన్న మెసేజ్ పెట్టాడు, హనుమకొండలో ఒక కాలేజీలో పాలిటీ చెప్పడానికి చేరాడట. పాఠం చెప్పడానికి తన నోట్సులో సమాఖ్య చాప్టరు ఫొటోలు తీసి పంపమన్నాడు. ఆ తొమ్మిది పుస్తకాల్లో వెతికాను. నేను ఈ వారం రాయాల్సిన వ్యాసానికి కావాల్సినదంతా అందులోనే ఉంది. వచ్చే ఆదివారం తప్పకుండా పెడతాను.